మిడిల్ ఎర్త్ రాజవంశాలు, యుద్ధాలు

నిర్వచనం, పరిధి

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు, ఆంగ్ల రచయిత జె.ఆర్.ఆర్. టోల్కీన్ (1892–1973) కల్పించిన ప్రపంచంలోని ప్రధాన భూఖండం పేరు మిడిల్ ఎర్త్. అక్కడి రాజవంశాల పుట్టుక, వారసత్వ తగాదాలు, యుద్ధాలు, పతనాలు ఈ వ్యాసానికి విషయం. కల్పిత రాజ్యాలు అన్ని భాషల సాహిత్యంలోనూ, సినిమాల్లోనూ ఉన్నాయి. తెలుగులో బాహుబలి చిత్రాల (2015, 2017) మాహిష్మతి రాజ్యం, అందులో కాలకేయుల కోసం మదన్ కార్కీ కల్పించిన కిలికి భాష అలాంటివే. కథకు వెనుక తెరగా ఒక రాజ్యాన్ని నిలబెట్టడం ఈ రచనల్లో సాధారణంగా కనిపించే పద్ధతి. టోల్కీన్ మాత్రం ఆ రాజ్యాల చరిత్రను కూడా వివరంగా రాశాడు. వేల సంవత్సరాల వంశావళులు, సంవత్సరాలవారీ ఘటనలు, తిథులు, చంద్రకళలు అన్నీ లెక్క కట్టాడు. నవలలు ఆ చరిత్రలోని చివరి అంకాలు మాత్రమే.

ఈ చరిత్రలో ఒక లక్షణం స్పష్టంగా కనిపిస్తుంది. ఏ పెద్ద యుద్ధమూ ఉన్నట్టుండి పుట్టదు. అంతకుముందు ఎప్పుడో చెడిన వారసత్వమో, తప్పిన ప్రమాణమో, చేజారిన ఓడరేవో దాని వెనుక ఉంటుంది. అందుకే ఇక్కడ రాజుల వరసను, యుద్ధాల వరసను విడివిడిగా కాక కలిపి చెప్పడమైంది.

ఆధారాలు, కాలగణన

ది హాబిట్ 1937లోను, ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్ మూడు సంపుటాలుగా 1954–55లోను వెలువడ్డాయి. రెండో దాని చివర ఉన్న అనుబంధాల్లో రాజుల చరిత్ర, కాలక్రమ పట్టిక, వంశవృక్షాలు, పంచాంగం ఉన్నాయి. తొలి యుగాల కథలను రచయిత మరణానంతరం ఆయన కుమారుడు క్రిస్టఫర్ టోల్కీన్ ది సిల్మరిలియన్ (1977), అన్‌ఫినిష్డ్ టేల్స్ (1980) గ్రంథాలుగా తెచ్చాడు. చిత్తుప్రతులను 1983 నుంచి 1996 వరకు 12 సంపుటాల్లో ప్రచురించాడు.

కథాలోకంలో కూడా ఈ చరిత్రకు ఒక ఆధార గ్రంథం ఉంది. పొట్టి మనుషుల జాతి అయిన హాబిట్‌లు రాసిపెట్టుకున్న ‘ఎర్ర పుస్తకం’ అది. గోండోర్ రాజలేఖకుడు ఫిండెగిల్ దానికి నాలుగో యుగం 172లో ఒక నకలు ముగించాడని టోల్కీన్ ముందుమాటలో చెబుతాడు. రాత ప్రతి, నకలు, లేఖకుడి పేరు ఇవ్వడం వల్ల కల్పిత వృత్తాంతానికి చరిత్ర గ్రంథం తీరు వచ్చింది.

కాలాన్ని యుగాలుగా లెక్కిస్తారు. రెండో యుగం 3441 సంవత్సరాలు, మూడో యుగం 3021 సంవత్సరాలు. కింద ఇచ్చిన సంవత్సరాలన్నీ ఆయా యుగాలకు చెందినవి.

మొదటి యుగం: బెలేరియాండ్ యుద్ధాలు

ఖండానికి వాయవ్యాన ఉండి తర్వాత సముద్రంలో మునిగిపోయిన బెలేరియాండ్‌లో అమరులైన ఎల్ఫ్ జాతి రాజులకూ, చీకటి ప్రభువు మోర్గోత్‌కూ మధ్య ఈ యుద్ధాలు జరిగాయి. ఎల్ఫ్‌లు అతని కోట ఆంగ్‌బాండ్‌ను దాదాపు 400 ఏళ్లు ముట్టడించారు. 455లో మోర్గోత్ అగ్నిప్రవాహాలను వదిలి ముట్టడిని ఛేదించాడు. సర్వం పోయిందనుకున్న ఎల్ఫ్ మహారాజు ఫింగోల్ఫిన్ ఒంటరిగా కోట వాకిటికి వెళ్లి మోర్గోత్‌ను ద్వంద్వయుద్ధానికి పిలిచాడు. అతన్ని ఏడుసార్లు గాయపరిచి చనిపోయాడు. మోర్గోత్‌కు ఆ గాయాల నొప్పి ఎన్నటికీ తగ్గలేదు.

తర్వాత జరిగిన ‘లెక్కలేనన్ని కన్నీళ్ల యుద్ధం’లో ఎల్ఫ్‌ల పక్షాన నిలుస్తామన్న తూర్పు తెగల్లో కొందరు నడి యుద్ధంలో శత్రువుతో కలిశారు. ఫింగోల్ఫిన్ కొడుకు ఫింగోన్ అక్కడ మరణించాడు. మోర్గోత్ ఆజ్ఞపై అతని సైనికులైన ఓర్క్‌లు ఎడారి మధ్య శవాలను గుట్టగా పేర్చాయి. ఆ ఎడారిలో ఇంకెక్కడా మొలవని గడ్డి ఆ గుట్ట మీద మాత్రం పచ్చగా ఏపుగా పెరిగింది. చివరికి పశ్చిమాన ఉన్న వాలార్ దేవతలు సేన పంపి మోర్గోత్‌ను ఓడించారు. ఆ పోరు తాకిడికే బెలేరియాండ్ సముద్రం పాలైంది.

న్యూమెనోర్ ద్వీప రాజ్యం

మోర్గోత్‌పై పోరులో ఎల్ఫ్‌ల పక్షం వహించిన మానవులకు సముద్రం నడుమ న్యూమెనోర్ ద్వీపం బహుమానంగా దక్కింది. మొదటి రాజు ఎల్రోస్ రెండో యుగం 32లో సింహాసనం ఎక్కాడు. 500 ఏళ్లు బతికాడు. ఇంతటి ఆయుష్షు ఉన్న రాజులకు చావు మాత్రం తప్పదు. ద్వీపం నుంచి కనుచూపు దాటి పడమటికి ఓడ నడపకూడదన్నది వాలార్ విధించిన నిషేధం. తొలి రాజులు తమకు తామే గద్దె దిగి నెమ్మదిగా కన్నుమూసేవారు. తర్వాతివాళ్లు మరణానికి భయపడి చివరి శ్వాస దాకా రాజదండాన్ని వదల్లేదు. న్యూమెనోర్ పతనం ఈ మార్పుతోనే మొదలైందని టోల్కీన్ స్పష్టంగా చూపిస్తాడు.

వారసత్వ నియమం ఇక్కడ ముఖ్యం. ఆరో రాజు తార్ అల్దారియోన్ తన ఏకైక కూతురి కోసం చట్టం మార్చాడు. అప్పటి నుంచి ఆడ, మగ భేదం లేకుండా రాజు పెద్ద సంతానానికే గద్దె. ఆ చట్టం ప్రకారం ముగ్గురు రాణులు ఏలారు. నాలుగో రాణి కావలసిన తార్ మీరియెల్‌ను ఆమె పినతండ్రి కొడుకు ఆర్ ఫరజోన్ ఇష్టానికి విరుద్ధంగా పెళ్లాడి, 3255లో రాజదండం లాక్కున్నాడు. అంత దగ్గరి బంధువుల పెళ్లిని కూడా న్యూమెనోర్ చట్టం నిషేధించింది.

ఆర్ ఫరజోన్ సైనికంగా అందరికంటే బలవంతుడు. 3261లో ఉంబార్ రేవులో అతని సేన దిగగానే, మోర్గోత్ అనుచరుడైన సౌరాన్ సైన్యాలు పోరాడకుండానే చెల్లాచెదరయ్యాయి. సౌరాన్ లొంగిపోయి బందీగా ద్వీపానికి వెళ్లాడు. అక్కడ కొద్ది కాలానికే రాజుకు ముఖ్య సలహాదారయ్యాడు. అతని మాట విని రాజు అమరత్వాన్ని గెలుచుకోవడానికి 3319లో దేవతల భూమిపై నౌకాదళంతో దాడి చేశాడు. ద్వీపం సముద్రంలో మునిగిపోయింది. ఈ చరిత్రలో కత్తి దూయకుండా గెలిచిన అతి పెద్ద దండయాత్ర ఉంబార్‌లో దిగినదే. దాని ఫలితమే రాజ్యాన్ని ముంచింది.

ఆర్నోర్, గోండోర్ స్థాపన

దాడికి ఒప్పుకోని ఎలెండిల్, అతని కొడుకులు ఇసిల్డుర్, అనారియోన్ 9 ఓడల్లో తప్పించుకుని మిడిల్ ఎర్త్ చేరారు. 3320లో ఉత్తరాన ఆర్నోర్, దక్షిణాన గోండోర్ రాజ్యాలు వెలిశాయి. సౌరాన్ మళ్లీ లేచి 3429లో గోండోర్‌పై పడ్డాడు. మరుసటి ఏడు ఎలెండిల్, ఎల్ఫ్ మహారాజు గిల్ గలాడ్ కలిసి ‘చివరి కూటమి’ ఏర్పరిచారు. 3434లో దాగోర్లాడ్ మైదానంలో గెలిచి, ఏడేళ్లు సౌరాన్ కోట బరాద్ దూర్‌ను ముట్టడించారు. ముట్టడిలో అనారియోన్ చనిపోయాడు. 3441లో ఎలెండిల్, గిల్ గలాడ్ ఇద్దరూ సౌరాన్‌ను పడగొట్టి ప్రాణాలు విడిచారు. తండ్రి విరిగిన కత్తి పిడిముక్కతో ఇసిల్డుర్ సౌరాన్ వేలి నుంచి, అతని శక్తికి మూలమైన ఉంగరాన్ని తెంచుకున్నాడు. దాన్ని నాశనం చేయకుండా తన దగ్గరే ఉంచుకున్నాడు.

మూడో యుగం 2లో గ్లాడెన్ ఫీల్డ్స్ దగ్గర ఓర్క్‌లు ఇసిల్డుర్ చిన్న దండును చుట్టుముట్టాయి. అతనూ, వెంట ఉన్న ముగ్గురు పెద్ద కొడుకులూ చనిపోయారు. ఉంగరం ఆండుయిన్ నదిలో జారిపోయింది. ఎల్ఫ్‌ల ఆవాసం రివెండెల్‌లో తల్లి దగ్గరున్న చిన్న కొడుకు వలాండిల్ వల్ల ఉత్తర వంశం నిలిచింది.

గోండోర్ నౌకారాజులు

గోండోర్ ఉన్నతి 830 తర్వాత నౌకారాజుల కాలంలో కనిపిస్తుంది. మొదటి ఎయార్నిల్ 933లో ఉంబార్ రేవును పట్టాడు. 1050లో హ్యార్మెండకిల్ హారాడ్ తెగలను పూర్తిగా ఓడించాక గోండోర్ విస్తీర్ణం, బలం అంతకుముందెన్నడూ లేనంతగా పెరిగాయి. ‘దక్షిణ విజేత’ అన్నది అతని బిరుదనామానికి అర్థం. తూర్పు గెలిచినవాడు ‘రోమెండకిల్’, ఉంబార్ గెలిచినవాడు ‘ఉంబార్‌దకిల్’. గోండోర్ రాజుల పేర్లు చదువుతూ పోతే ఏ కాలంలో ఏ దిక్కు నుంచి ముప్పు వచ్చిందో తెలిసిపోతుంది.

దాయాదుల పోరు (1432–1448)

గోండోర్‌ను లోపలి నుంచి చీల్చిన అంతర్యుద్ధం ఇది. రాజు వలకార్ యువరాజుగా ఉన్నప్పుడు ఉత్తర తెగల దొర విదుగావియా దగ్గర రాయబారిగా ఉండి, అతని కూతురు విదుమావిని పెళ్లాడాడు. వాళ్ల కొడుకు ఎల్దకార్. పరాయి రక్తం కలిస్తే రాజవంశపు దీర్ఘాయువు తరిగిపోతుందని గోండోర్ ప్రభువులు భయపడ్డారు. వలకార్ మరణంతో 1432లో తిరుగుబాటు మొదలైంది. రాజవంశానికే చెందిన నౌకాధిపతి కస్తమీర్ 1437లో రాజధాని ఒస్గిలియాత్‌ను ముట్టడించి తగలబెట్టాడు. దూరదర్శన శిల ఒకటి నదిలో పడిపోయింది. ఎల్దకార్ తల్లి తరఫు దేశానికి పారిపోగా, పట్టుబడిన అతని కొడుకు ఒర్నెండిల్‌ను కస్తమీర్ చంపించాడు.

పదేళ్ల తర్వాత ఎల్దకార్ ఉత్తర తెగల సాయంతో తిరిగి వచ్చి, 1447లో ఎరుయి రేవుల దగ్గర కస్తమీర్‌ను స్వహస్తాలతో చంపాడు. కస్తమీర్ కొడుకులు పెలార్గిర్ ఓడరేవులో ఏడాది పాటు ముట్టడిని తట్టుకుని, 1448లో ఉన్న ఓడలన్నీ తీసుకుని ఉంబార్‌కు వెళ్లిపోయారు. అప్పటి నుంచి ఉంబార్ ఓడదొంగలు గోండోర్ తీరానికి శాశ్వత శత్రువులయ్యారు (చూడండి: పెలెన్నోర్ యుద్ధం). ఎల్దకార్ 235 ఏళ్లు బతికాడు. ఏ భయంతో దేశం తనను తాను తగలబెట్టుకుందో ఆ భయానికి ఆధారం లేదని అతని వయసే చెబుతుంది.

1636లో మహమ్మారి వచ్చి రాజు తెలెమ్నార్‌నూ, అతని పిల్లలనూ తీసుకుపోయింది. సౌరాన్ దేశమైన మొర్దోర్ సరిహద్దు కోటల్లో కాపలా సన్నగిల్లింది. తూర్పు దిక్కున బండ్ల మీద తరలివచ్చే తెగల దాడుల్లో 1856లో రెండో నర్మకిల్, 1944లో ఒందోహెర్ మరణించారు. ఒందోహెర్ కొడుకులిద్దరూ ఆ యుద్ధంలోనే పోయారు.

ఆర్వెదుయి వాదం, ఉత్తర రాజ్య పతనం

ఆర్నోర్ 861లోనే ముగ్గురు అన్నదమ్ముల మధ్య ఆర్తెడాయిన్, రుదౌర్, కార్దోలాన్ రాజ్యాలుగా విడిపోయింది. ఈ చీలికను ఆసరా చేసుకుని ఆంగ్మార్ మంత్రరాజు ఒక్కొక్కదాన్నీ కబళించాడు. ఇతను సౌరాన్ ఉంగర బానిసల్లో మొదటివాడు.

ఒందోహెర్ చనిపోయాక గోండోర్ గద్దె ఖాళీ అయింది. ఆర్తెడాయిన్ యువరాజు ఆర్వెదుయి రెండు కారణాలు చూపి కిరీటం అడిగాడు. తాను ఇసిల్డుర్ వారసుడు. తన భార్య ఫీరియెల్ ఒందోహెర్ సంతానంలో మిగిలిన ఒకే ఒక్కతె, న్యూమెనోర్ పాత చట్టం ప్రకారం గద్దె ఆమెది. రాజప్రతినిధి పెలెందూర్ నాయకత్వంలో గోండోర్ మండలి ఈ వాదాన్ని తోసిపుచ్చింది. యుద్ధం గెలిచిన సేనాని ఎయార్నిల్‌కు 1945లో పట్టం కట్టింది.

1974లో ఆర్తెడాయిన్ కూలింది. ఆర్వెదుయి మంచు సముద్రపు తీరానికి పారిపోయి, ఫోరోఖెల్ మంచువాసుల ఆశ్రయంలో ప్రాణం నిలుపుకున్నాడు. అతన్ని తీసుకెళ్లడానికి ఓడ వస్తే, ఎండాకాలం దాకా ఎక్కవద్దని ఆ తెగ పెద్ద వారించాడు. రాజు వినలేదు, కానీ కృతజ్ఞతగా తన వేలి ఉంగరాన్ని అతనికి ఇచ్చాడు. తుఫాను ఓడను మంచుగడ్డల మీదికి నెట్టింది. రాజుతో పాటు రెండు దూరదర్శన శిలలూ మునిగిపోయాయి. ఉంగరాన్ని తర్వాత వంశీయులు విడిపించుకున్నారు.

1975లో గోండోర్ యువరాజు ఎయార్నూర్ నౌకాదళంతో ఆలస్యంగా వచ్చి, ఫోర్నోస్త్ యుద్ధంలో మంత్రరాజును తరిమేశాడు. వెంటాడబోతే ఎల్ఫ్ వీరుడు గ్లోర్ఫిండెల్ ఆపి, అతను ఏ పురుషుడి చేతిలోనూ పడడని చెప్పాడు.

రాజు లేని గద్దె

మంత్రరాజు 2002లో మినాస్ ఇథిల్ కోటను పట్టాడు. రాజైన ఎయార్నూర్‌ను రెండుసార్లు ద్వంద్వయుద్ధానికి రమ్మని రెచ్చగొట్టాడు. మొదటిసారి రాజప్రతినిధి మార్దిల్ ఆపగలిగాడు. 2050లో రాజు కొద్దిమందితో ఆ కోట ద్వారం వైపు వెళ్లాడు. తిరిగి రాలేదు. పెళ్లి కాలేదు, వారసుడు లేడు, చనిపోయినట్టు రుజువూ లేదు. గద్దె కోసం మరో దాయాదుల పోరు వస్తుందన్న భయంతో రాజు తిరిగి వచ్చేవరకు అన్న మాట మీద మార్దిల్ పాలన చేపట్టాడు. ఆ ఏర్పాటు 969 ఏళ్లు, 26 మంది రాజప్రతినిధుల దాకా సాగింది. వాళ్లలో ఎవరూ సింహాసనం ఎక్కలేదు. దాని మెట్ల కింద వేసిన నల్లరాతి ఆసనం మీదే కూర్చున్నారు.

రోహన్ రాజులు

2510లో ఓడిపోబోతున్న గోండోర్ సేనను ఉత్తరం నుంచి వచ్చిన ఎయోర్ల్ అశ్వదళం సెలెబ్రాంత్ మైదానంలో కాపాడింది. కృతజ్ఞతగా రాజప్రతినిధి కిరియోన్ ఇచ్చిన భూమే రోహన్. ఎలెండిల్ సమాధి దగ్గర ఇద్దరూ పరస్పర సహాయ ప్రమాణం చేశారు.

తొమ్మిదో రాజు హెల్మ్ కథ రోహన్ చరిత్రలో ప్రత్యేకం. ఫ్రెకా అనే ధనిక ప్రభువు తన కొడుకు వుల్ఫ్‌కు రాజు కూతురిని ఇమ్మని అడిగి, మండలిలో రాజును అవమానించాడు. హెల్మ్ అతన్ని బయటికి తీసుకెళ్లి ఒక్క గుద్దు గుద్దితే చచ్చిపోయాడు. నాలుగేళ్లకు, 2758లో, వుల్ఫ్ దండెత్తి రాజధాని పట్టాడు. ఆ చలికాలం నెలల తరబడి మంచు కరగలేదు. హెల్మ్ తెల్లని బట్టలు కట్టుకుని, కొమ్ము ఊది, ఆయుధం లేకుండా శత్రు శిబిరాల్లో పడి చంపేవాడు. ఒక రాత్రి కొమ్ము వినిపించింది, మనిషి రాలేదు. తెల్లారి చూస్తే కందకం గట్టున గడ్డకట్టి నిటారుగా నిలబడి ఉన్నాడు. కొడుకులిద్దరూ పోవడంతో మేనల్లుడు ఫ్రెయాలాఫ్‌తో రెండో వంశం మొదలైంది. రాజుల సమాధులైన మట్టిదిబ్బల్లో పడమర వైపువి మొదటి వంశానివి, తూర్పు వైపువి రెండో వంశానివి. వాటి మీద అన్ని కాలాల్లోనూ తెల్లని చిన్న పూలు పూస్తాయి.

డ్వార్ఫ్ రాజులు

తమ రాజు థ్రోర్‌ను ఓర్క్‌లు చంపినందుకు మరుగుజ్జు జాతి అయిన డ్వార్ఫ్‌లు 2793 నుంచి 2799 వరకు పర్వతాల లోపల యుద్ధం చేశారు. చివరి పోరు అజానుల్‌బిజార్‌లో గెలిచినా, చనిపోయినవాళ్లను ఆచారం ప్రకారం రాతి సమాధుల్లో ఉంచే తీరిక లేక దహనం చేయాల్సి వచ్చింది. 2941లో అయిదు సేనల యుద్ధంలో థ్రోర్ మనవడు థోరిన్ మరణించాడు.

పెలెన్నోర్ యుద్ధం (3019, మార్చి 15)

గోండోర్ రాజధాని మినాస్ తిరిత్ ముందు జరిగిన ఈ యుద్ధంలో పై ఘటనలన్నిటి పర్యవసానాలూ ఒకే రోజున తేలాయి. గోండోర్ సాయం కోరగా, ఎయోర్ల్ ప్రమాణానికి కట్టుబడి, రోహన్ రాజు థేయోడెన్ 6,000 మంది రౌతులతో తెల్లవారుజామున వచ్చి పడ్డాడు. గుర్రం కూలి రాజు దాని కింద నలిగాడు. మీదికి వచ్చిన మంత్రరాజుకు, పురుషవేషంలో ఉన్న రాజు మేనకోడలు ఎయోవిన్ అడ్డు నిలిచింది. హాబిట్ మెర్రీ వెనుక నుంచి అతని మోకాలిలో కత్తి దించాడు. ఆ కత్తి ఉత్తర రాజ్యపు కమ్మరులు ఆంగ్మార్‌తో పోరాడిన కాలంలో చేసింది, ఒక పాత సమాధిలో దొరికింది. ఏ శత్రువు కోసం కొట్టారో అతని ఒంట్లోనే దిగింది. ఎయోవిన్ కత్తికి అతను కూలడంతో, ఫోర్నోస్త్ దగ్గర చెప్పిన మాట 1044 ఏళ్ల తర్వాత నిజమైంది.

అదే రోజు నదిలో ఉంబార్ నల్ల తెరచాపలు కనిపించి గోండోర్ సేన నిరాశలో పడింది. కాని ఓడల్లో ఉన్నది ఇసిల్డుర్, ఆర్వెదుయిల వారసుడు అరగోర్న్. ఇసిల్డుర్‌కు ప్రమాణం చేసి తప్పిన కొండజాతి మృతుల చేత మాట నెరవేర్పించి, పెలార్గిర్ రేవులోనే ఆ ఓడలను పట్టుకున్నాడు. 1448లో కస్తమీర్ కొడుకులు పారిపోయిన రేవు అదే. ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్ చదివినవాళ్లలో చాలామంది ఈ అధ్యాయాన్ని కేవలం యుద్ధ ఘట్టంగా గుర్తుపెట్టుకుంటారు. అనుబంధాలు చదివి మళ్లీ వస్తే దాని బరువు తెలుస్తుంది.

థేయోడెన్ మరణంతో మేనల్లుడు ఎయోమెర్ రోహన్ మూడో వంశానికి మొదటి రాజయ్యాడు. ఇసిల్డుర్ నదిలో పోగొట్టుకున్న సౌరాన్ ఉంగరం మార్చి 25న నాశనమైంది. మే 1న అరగోర్న్‌కు పట్టాభిషేకం జరిగింది.

నిర్మాణ మూలాలు

టోల్కీన్ 1916లో లాంకషైర్ ఫ్యుసిలియర్స్ దళంలో సంకేతాల అధికారిగా, మొదటి ప్రపంచ యుద్ధంలోని సొమ్ పోరులో ఉన్నాడు. కందక జ్వరంతో ఇంటికి చేరి, కోలుకుంటూ రాసిన తొలి కథల్లో గోండోలిన్ నగర పతనం ఒకటి. శవాలు తేలే మృతుల చిత్తడి నేలలకు సొమ్ తర్వాతి ఉత్తర ఫ్రాన్స్ నేలతో కొంత సంబంధం ఉందని ఒక లేఖలో ఒప్పుకున్నాడు. రోహన్ పేర్లు ప్రాచీన ఆంగ్లం నుంచి తీసుకున్నవి. థేయోడెన్ అంటే ఆ భాషలో ప్రభువు. గోండోర్ కిరీటానికి, భారీ కట్టడాలకు ప్రాచీన ఈజిప్టును పోలికగా చెప్పాడు. థేయోడెన్ మరణాన్ని పండితులు క్రీ.శ. 451లో కాటలౌనియన్ మైదానంలో పడిన విసిగోత్ రాజు థియోడోరిక్ మరణంతో పోల్చారు.

తర్వాతి రూపాలు

పీటర్ జాక్సన్ మూడు చిత్రాలు (2001–2003) పెలెన్నోర్‌ను ప్రపంచానికి పరిచయం చేశాయి. మూడో చిత్రానికి 11 ఆస్కార్‌లు వచ్చాయి. న్యూమెనోర్ కాలం 2022లో మొదలైన ది రింగ్స్ ఆఫ్ పవర్ ధారావాహికలో వచ్చింది. హెల్మ్ కథ 2024లో యానిమేషన్ చిత్రమైంది. అనుబంధంలో పేరైనా లేని అతని కూతురికి అందులో హేరా అని పేరు పెట్టి కథానాయికను చేశారు.

నాలుగో యుగం

అరగోర్న్ నాలుగో యుగం 120 వరకు పాలించాడు. 210 ఏళ్ల వయసులో, తొలి న్యూమెనోర్ రాజుల పద్ధతిలో, ఒంట్లో సత్తువ ఉండగానే కిరీటాన్ని కొడుకు ఎల్దారియోన్‌కు అప్పగించి తనంతట తాను కన్నుమూశాడు. ఎల్దారియోన్ కాలంలో నడిచే ఒక కథను టోల్కీన్ మొదలుపెట్టాడు. యుద్ధం చూడని తరం, శాంతితో విసిగిన జనం, ఓర్క్‌లమంటూ ఆడుకుంటూ ఊరి వాళ్లకు నష్టం చేసే గోండోర్ కుర్రాళ్లు అందులో ఉన్నారు. కొన్ని పుటలు రాసి ఆపేశాడు. ఆ పుటలు 1996లో వచ్చిన చివరి సంపుటంలో ఉన్నాయి.